ఇల్లు అద్దెకిస్తున్నారా? ఓనర్ బాధ్యతలు, బీమా: మొదటి రోజు నుంచి తాళాలు తిరిగి తీసుకునేదాకా

పై అంతస్తులోని మా ఫ్లాట్‌ని అద్దెకిచ్చిన రెండో ఏడాది, కింది ఫ్లాట్ హాల్లో సీలింగ్ పెచ్చు ఊడిపడింది. అదృష్టం, ఆ సమయంలో హాల్లో ఎవరూ లేరు. మా బాత్రూమ్ గోడ లోపల పైపు జాయింట్ దగ్గర నీళ్లు చుక్కచుక్కగా కారుతూ కిందికి దిగాయి. పాలసీ ఉంది కదా అని నేను నిబ్బరంగానే ఉన్నాను. నష్టం చూడ్డానికి బీమా కంపెనీ తరఫున వచ్చిన సర్వేయర్ ఒక్కటే ప్రశ్న వేశాడు: "ఈ చెమ్మ సంగతి మీకు మొదట ఎప్పుడు తెలిసింది?" పక్కనే ఉన్న మా అద్దెదారు ఫోన్ తీసి, నాలుగు నెలల కిందట నాకు పంపిన మెసేజ్ చూపించాడు. "బాత్రూమ్ గోడ బయటివైపు చెమ్మ మచ్చ వచ్చింది సార్, ఒకసారి చూడండి." దాని కింద నా జవాబు కూడా ఉంది. "సరే, చూద్దాం."

క్లెయిమ్ అక్కడితో ఆగిపోయింది. రెండు ఫ్లాట్ల రిపేరు ఖర్చూ నేనే పెట్టుకున్నాను.

కొన్నాళ్లు బీమా కంపెనీని తిట్టుకున్నాక పాలసీ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. అన్నీ ముందే రాసి ఉన్నాయి. హఠాత్తుగా, అనుకోకుండా జరిగిన నష్టానికే వాళ్లు డబ్బిస్తారు. నెలల తరబడి నెమ్మదిగా జరిగినదానికి ఇవ్వరు, తెలిసీ పట్టించుకోనిదానికి అసలే ఇవ్వరు. అందుకే ఓనర్ బాధ్యతలు ఒకచోట, బీమా ఇంకోచోట పెట్టి ఇక్కడ చెప్పడం లేదు. ఓనర్‌గా మీరు చేసిన పనీ, దాని తాలూకు కాగితమే రేపు క్లెయిమ్‌కి సాక్ష్యం. చేయని పని కూడా సాక్ష్యమే, కాకపోతే అవతలి పక్షానికి.

చట్టాలు చోటుని బట్టి మారతాయి. డిపాజిట్ ఎంత తీసుకోవచ్చు, ఖాళీ చేయమనడానికి ఎంత గడువివ్వాలి, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించాలా వద్దా అన్నవి మీ ఇల్లున్న చోట తెలిసిన లాయర్ని అడగండి. ఇక్కడ చెప్పేవి ఎక్కడున్నా పనికొచ్చేవి.

1. టూ-లెట్ బోర్డు పెట్టే ముందు ముగ్గురికి చెప్పాలి

మొదటిది బీమా కంపెనీ. మీరే ఉంటున్నప్పుడు తీసుకున్న పాలసీ, అద్దెకిచ్చాక కూడా అలాగే పనిచేస్తుందనుకోవద్దు. ఇంట్లో ఎవరుంటారన్నది బీమా కంపెనీ లెక్కలో పెద్ద విషయం. ఓనరే ఉండే ఇంటికి ఒక లెక్క, ఒక కుటుంబానికి అద్దెకిచ్చిన ఇంటికి ఇంకో లెక్క, గదికొకరు చొప్పున పంచుకుని ఉండే ఇంటికి మరో లెక్క. రెండ్రోజులకీ మూడ్రోజులకీ ఇచ్చే ఇల్లయితే చాలా పాలసీలు దాన్ని ఇల్లుగా కాదు, వ్యాపారంగా చూస్తాయి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు. బీమాలో దాపరికం ఉండకూడదన్న సూత్రం చాలా పాతది. 1766లో ఇంగ్లండ్‌లో కార్టర్, బోమ్ అనే ఇద్దరి మధ్య నడిచిన కేసులో జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ దీన్ని స్పష్టంగా చెప్పాడు: నష్టభయాన్ని అంచనా వేయడానికి కావాల్సిన సంగతులు ఎక్కువగా బీమా తీసుకునేవాడికే తెలుస్తాయి, కాబట్టి అతను దాచకూడదు. ఆ కేసు సుమత్రా దీవిలోని ఒక కోట గురించి. మనది రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటే అయినా సూత్రం అదే.

అద్దెకిస్తున్నామన్న మాట ఫోన్లో చెప్పి వదిలేయకుండా మెయిల్ పెట్టండి. వాళ్ల జవాబు దాచుకోండి. పాలసీలో ఆ మార్పు అచ్చయి వచ్చేదాకా తాళాలు ఇవ్వకపోవడమే మంచిది.

రెండో వాళ్లు, ఇంటి మీద లోన్ ఉంటే ఆ బ్యాంకు. కొన్ని లోన్ ఒప్పందాల్లో అద్దెకివ్వాలంటే బ్యాంకు అనుమతి కావాలని ఉంటుంది. మూడోది, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్. వాళ్ల నియమాల కాపీతో పాటు ఇంకొకటి కూడా అడిగి తీసుకోండి: బిల్డింగ్ మొత్తానికి వాళ్లు తీసుకున్న బీమా పాలసీ కాపీ. దాని పని తర్వాత చెబుతాను.

2. ఇంటిని మనుషులు ఉండేలా చేయడం

రంగులేయించడం ఆఖరి పని. అయినా ఓనర్లు (ఒకప్పుడు నేనూ) అక్కడి నుంచే మొదలుపెడతారు. అద్దెకున్నవాళ్ల ప్రాణాలకు ముప్పు తెచ్చేవి గోడ మీద కాదు, గోడ లోపలా బాత్రూమ్‌లోనూ ఉంటాయి.

కరెంటు సంగతి ముందు చూడండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందా, మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా అని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించి, రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. ఎంసీబీ ఉంది కదా చాలదా అంటారు చాలామంది. ఎంసీబీ కాపాడేది వైర్లని. లోడు ఎక్కువైతే, షార్ట్ సర్క్యూట్ అయితే పడిపోతుంది. మనిషికి షాక్ తగిలినప్పుడు ఒంట్లోంచి పారే కరెంటు చాలా తక్కువ, ఎంసీబీకి అది కనిపించదు. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది. అద్దెకొచ్చేవాళ్ల ముందు నొక్కి చూపించండి, అప్పుడప్పుడు వాళ్లనే నొక్కి చూసుకోమనండి. గ్యాస్ పరికరాలకు ఏటా, వైరింగ్‌కు ఐదేళ్లకోసారి తనిఖీ పెట్టుకుంటే సరిపోతుంది. పాత ఇల్లయితే ఇంకాస్త తరచుగా.

రెండోది గ్యాస్ గీజర్. గాలి ఆడని బాత్రూమ్‌లో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి వెళ్లిన మనిషికి తల తిరుగుతుంది, తలుపు తీసే ఓపిక కూడా ఉండదు. అద్దెకిచ్చే ఇంట్లో బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంచవద్దన్నదే నా మాట. బయట, గాలి ఆడేచోట పెట్టించండి, లేదా కరెంటుదానికి మారండి. గ్యాస్, కట్టెలు, బొగ్గు, ఏది మండే ఇల్లయినా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలి.

నీళ్లు నిల్వ ఉండే గీజర్‌ది ఇంకో సమస్య. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవ నీటిలో బాగా పెరుగుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది. ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలుంటే అది బతకదు. అయితే 60 డిగ్రీల నీళ్లు నేరుగా ఒంటి మీద పడితే కొన్ని సెకన్లలోనే బొబ్బలెక్కిస్తాయి. చిన్నపిల్లలో, పెద్దవాళ్లో ఉండే ఇల్లయితే కుళాయి దగ్గర చల్లనీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ పెట్టించాలి. నెల రోజులు ఖాళీగా ఉన్న ఇంట్లో కొత్తవాళ్లు దిగే ముందు కుళాయిలన్నీ కాసేపు తిప్పి పాత నీళ్లు పోనివ్వండి.

ప్రతి అంతస్తులోనూ పొగ అలారం ఉండాలి. పడుకునే గదుల దగ్గర తప్పనిసరి. బ్యాటరీ మారుస్తూ ఉంటే చాలనుకుంటాం కానీ, పదేళ్లయ్యాక అలారాన్నే మార్చేయాలి. లోపలి సెన్సార్ మందగిస్తుంది. తయారైన తేదీ దాని వెనకే ఉంటుంది.

మీరు ఇంట్లో వదిలే పాత ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా మీ బాధ్యతే. "పనిచేస్తోంది, వాడుకోండి" అని పాత సామాను ఉంచేయడం ఉదారంగా కనిపిస్తుంది. వైరు అతుకులు వేసిన ఫ్రిజ్ అయితే ఆ ఉదారత వద్దు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయిన అగ్నిప్రమాదం ఒక ఫ్లాట్ వంటగదిలోని ఫ్రిజ్ దగ్గరే మొదలైంది. అంత పెద్దది కావడానికి భవనం బయటి తొడుగు కారణం, నిజమే. అయినా మొదటి నిప్పు ఇంటి సామానులోంచే వచ్చింది.

ఇక మిగతావి: బాల్కనీ రెయిలింగ్ ఊగకూడదు, ఊచల మధ్య సందు 10 సెంటీమీటర్లు మించకూడదు (పసిపిల్లల తల దూరకుండా). కిటికీ గ్రిల్స్‌లో కనీసం ఒకటి లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి. దొంగల భయంతో అన్ని కిటికీలకూ ఊచలు బిగించేస్తాం. మంట గుమ్మం దగ్గర మొదలైతే లోపలివాళ్లు ఎటు పోతారు? మెట్ల దగ్గర లైటు, చేతికి ఆసరా ఉండాలి. పాత అద్దెదారు వెళ్లగానే తాళాలు మార్చాలి. ఇది మర్యాద ఒక్కటే కాదు, దొంగతనం క్లెయిమ్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న: తాళం పగలకుండా దొంగ లోపలికొచ్చాడంటే, ఎవరి దగ్గర ఇంకో తాళంచెవి ఉంది?

3. అప్పగింత రోజు

ఈ ఒక్క గంట ఓపిక పడితే తర్వాత వచ్చే గొడవల్లో సగం రావు. అద్దెదారుని పక్కన పెట్టుకుని గది గది తిరగండి. వీడియో తీయండి, గీతలు, పగుళ్లు, మరకలు దగ్గరగా ఫొటోలు తీయండి. మంచిగా ఉన్నవాటిని కూడా తీయాలి, ఎందుకంటే రేపు పాడయ్యేవి అవే. ఫ్యాన్లు ఎన్ని, గీజర్ ఏ కంపెనీది, తాళంచెవులు ఎన్ని జతలు, కరెంటు మీటరు, నీటి మీటరు రీడింగ్ ఎంత, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసి చెరొక కాపీ ఉంచుకోండి.

అప్పుడే వాళ్లకు మూడు చోట్లు చూపించండి: కరెంటు మెయిన్, నీళ్ల మెయిన్ వాల్వ్, గ్యాస్ వాల్వ్. అర్ధరాత్రి పైపు పగిలితే మీకు ఫోన్ చేసేలోపే వాళ్లు నీళ్లు ఆపగలగాలి. ఆ వాల్వ్ తిరగకుండా బిగుసుకుపోయి ఉందేమో ముందే తిప్పి చూడండి. మా ఇంట్లో బిగుసుకునే ఉంది.

4. అగ్రిమెంట్‌లో ఏముండాలి

స్టాంపు పేపర్ల దుకాణంలో దొరికే రెడీమేడ్ అగ్రిమెంట్‌లో అద్దె, గడువు, డిపాజిట్ ఉంటాయి. కొట్లాట వచ్చేది వాటి దగ్గర కాదు, వాటిలో లేనివాటి దగ్గర.

ఏ రిపేరు ఎవరిదో పేర్లు పెట్టి రాయండి. మామూలుగా గోడలు, కప్పు, పైపులు, వైరింగ్, ఇంటితో పాటు మీరిచ్చిన గీజర్ లాంటివి ఓనర్‌వి. బల్బులు, వాళ్ల వాడకంలో పగిలినవి, వాళ్ల వల్ల పూడుకున్న డ్రెయిన్ అద్దెదారువి. "అన్ని రిపేర్లూ అద్దెదారువే" అని రాయించుకుంటే గెలిచామనుకుంటారు కొందరు. ఇంటిని నివాసయోగ్యంగా ఉంచే బాధ్యతను సంతకంతో వదిలించుకోవడం చాలాచోట్ల కోర్టులో చెల్లదు. పైగా ఖర్చు తన మీద పడుతుందని అద్దెదారు లీకేజీ సంగతే మీకు చెప్పడు. అంతకంటే ఖరీదైన పొదుపు లేదు.

కాబట్టి ఇంకో షరతు చేర్చండి: లీకేజ్, చెమ్మ, కరెంటు తేడా, తాళం పాడవడం లాంటివి కనిపించిన వెంటనే రాతలో చెప్పాలి. ఎక్కడికి రాయాలో, ఏ నంబరుకి పంపాలో కూడా అందులోనే ఉండాలి. వేరేవాళ్లకు మళ్లీ అద్దెకివ్వకూడదని, ఇంట్లో వ్యాపారం పెట్టే ముందు మీ అనుమతి తీసుకోవాలని, ఫలానా రోజులకు మించి ఊరెళ్తే చెప్పాలని రాయండి. ఈ మూడూ మీ పాలసీ షరతుల్లోనూ ఏదో రూపంలో ఉంటాయి. పాలసీ మీ మీద పెట్టిన షరతు అగ్రిమెంట్‌లోకి రాకపోతే, దాన్ని అద్దెదారు ఎందుకు పాటిస్తాడు? రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం చదవండి.

వాళ్ల సామానుకి మీ బీమా వర్తించదని కూడా స్పష్టంగా రాసి, సొంతంగా పాలసీ తీసుకోమని చెప్పండి. చాలామంది అద్దెదారులకి ఈ సంగతి తెలియదు. వాళ్ల టీవీ, ల్యాప్‌టాప్, బట్టలు మీ పాలసీ కిందికి రావు.

5. వాళ్లున్నన్నాళ్లూ

ఫిర్యాదు రాగానే దాన్ని మూడు గంపల్లో ఒకదాంట్లో వేయండి. ప్రాణానికి ప్రమాదం ఉన్నవి (గ్యాస్ వాసన, షాక్, పైపు పగలడం, తలుపు తాళం పడకపోవడం) ఆ రోజే. నీళ్లు, కరెంటు, టాయిలెట్ ఆగిపోతే ఒకట్రెండు రోజుల్లో. తలుపు కిర్రుమనడం లాంటివి రెండు మూడు వారాల్లో. ఎప్పుడు చేస్తారో చెప్పి, చేశాక "అయిపోయింది కదా, సరిగ్గా ఉందా" అని అడిగి, వాళ్ల జవాబు ఉంచుకోండి. ప్లంబర్ బిల్లు ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో వేయండి. ఒక ఎక్సెల్ షీటో, పాత డైరీయో చాలు: ఏ తేదీన చెప్పారు, ఏ తేదీన ఎవరొచ్చారు, ఏం చేశారు.

చెమ్మ దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఓనర్లూ అద్దెదారులూ ఎక్కువగా ఒకరినొకరు తప్పుపట్టుకునేది ఇక్కడే. "మీరు కిటికీలు తీయరు, అందుకే బూజు" అని ఓనర్, "మీ ఇల్లే అంత" అని అద్దెదారు. చెమ్మకి దారులు మూడు. పైపు లేదా కప్పు లీకయితే మచ్చ ఒకచోట మొదలై పెరుగుతుంది, అంచులు గోధుమరంగులో ఉంటాయి. బయటి గోడ పగుళ్లలోంచి వస్తే వానలకు పెరుగుతుంది, ఎండలకు తగ్గుతుంది. నేలలోంచి పైకి ఎక్కేదయితే గోడ కింది భాగంలోనే ఉంటుంది, తెల్లటి ఉప్పు పొరలు రాలతాయి. ఈ మూడూ ఓనర్‌వే. నాలుగోది ఒకటుంది, దాన్ని లీకేజీ అనలేం: గదిలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరై నల్లటి బూజు పట్టడం. మూలల్లో, బీరువా వెనక కనిపిస్తుంది. దీనికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించడం మీ పని, దాన్ని వేయడం వాళ్ల పని. ఏదైనా తడిసినప్పుడు ఒకట్రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది, అందుకే "వచ్చేవారం చూద్దాం" పనికిరాదు.

తనిఖీకి వెళ్లాలంటే కనీసం ఒక రోజు ముందు చెప్పి, వాళ్లకు వీలైన సమయంలో వెళ్లండి. ఇల్లు మీ పేరున ఉన్నా ఆ గడువు వరకూ అది వాళ్ల నివాసం. మీ దగ్గరున్న తాళంచెవితో చెప్పకుండా లోపలికెళ్లడం, అద్దె ఆలస్యమైందని నీళ్లో కరెంటో ఆపేయడం, సామాను బయటపెట్టి తాళం వేయడం... కోపంలో ఇవి న్యాయంగానే అనిపిస్తాయి. చట్టం దృష్టిలో చాలాచోట్ల తప్పు మీదవుతుంది, బాకీ ఉన్న అద్దెదారు ఫిర్యాదుదారుడవుతాడు. కావాలని చేసిన పనికి బీమా రక్షణ ఎలాగూ ఉండదు.

6. ఏ బీమా దేనికి

భవనానికి తీసుకునే పాలసీలో మొదటి తప్పు మొత్తం దగ్గర జరుగుతుంది. ఇల్లు అమ్మితే ఎంతొస్తుందో ఆ మొత్తానికి కాదు, కూలిపోతే మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో ఆ మొత్తానికి బీమా చేయాలి. స్థలం కాలిపోదు కదా. శిథిలాలు తీయించడం, ఇంజనీరు ఫీజు, అనుమతుల ఖర్చు కూడా అందులో కలపాలి. అలాగని ప్రీమియం తగ్గుతుందని తక్కువ మొత్తానికి చేస్తే చిన్న నష్టంలోనూ కోత పడుతుంది. లెక్క చూడండి: మళ్లీ కట్టడానికి 100 వంతులు అవుతుందనుకుందాం, మీరు 60 వంతులకే బీమా చేశారు. వంటగదిలో మంటొచ్చి 20 వంతుల నష్టం జరిగింది. 60 లోపే కదా, 20 మొత్తం ఇస్తారనుకుంటాం. బీమా ఎంత తక్కువుంటే క్లెయిమ్‌నీ అదే నిష్పత్తిలో కోసే నిబంధన ఉన్న పాలసీలో 20లో నూటికి 60 చొప్పున 12 మాత్రమే వస్తుంది. మిగతా 8 మీవే. కట్టుబడి ఖర్చులు ఏటా పెరుగుతాయి కాబట్టి రెన్యూవల్ అప్పుడల్లా ఈ అంకె మార్చుకోవాలి.

పాత వస్తువుకి కొత్తది ఇస్తారా, లేక తరుగుదల తీసేసి ఇస్తారా అన్నది కూడా అడగండి. పదేళ్ల కప్‌బోర్డులకి తరుగు తీస్తే చేతికొచ్చేది చాలా తక్కువ.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఇందాక తెచ్చుకున్న అసోసియేషన్ పాలసీ ఇప్పుడు తెరవండి. బయటి గోడలు, కప్పు, లిఫ్టు, మెట్లు దానిలో ఉండవచ్చు. మీ ఫ్లాట్ లోపలి టైల్స్, కప్‌బోర్డులు, సీలింగ్ ఉన్నాయా? ఉంటే అదే మళ్లీ కొనక్కర్లేదు. లేకపోతే లోపలిదంతా మీరే చేయించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది వద్దనేది, మూడో వ్యక్తికి జరిగే నష్టానికి సంబంధించిన బాధ్యత బీమా. బాల్కనీ రెయిలింగ్ విరిగి అద్దెదారు ఇంటికొచ్చిన చుట్టం పడిపోతే, లేదా మీ పైపు లీకై కింది ఫ్లాట్ పాడైతే, మీ మీద పడే పరిహారానికీ కోర్టు ఖర్చులకీ ఇది. ఇల్లు మొత్తం కాలినా నష్టం ఇంటి విలువను దాటదు. మనిషికి గాయమైతే దానికి పైహద్దు ఎక్కడో చెప్పలేం. ప్రీమియం విషయంలో ఎక్కడైనా తగ్గించుకోవాలనుకుంటే ఫర్నిచర్ కవర్ తగ్గించుకోండి, దీన్ని ముట్టుకోవద్దు.

అద్దె నష్టం కవర్ గురించి ఓనర్లు ఎక్కువగా పొరబడతారు. ఇందులో రెండు వేరువేరు సరుకులున్నాయి. మంటల వల్లో వరద వల్లో ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, బాగుచేసేదాకా రావాల్సిన అద్దెను ఇచ్చేది ఒకటి. అద్దెదారు డబ్బు కట్టకపోతే ఇచ్చేది ఇంకొకటి. ఇది అన్నిచోట్లా దొరకదు, దొరికినా అద్దెదారు ఆదాయం, పాత చరిత్ర ముందే పరిశీలించారన్న రుజువు అడుగుతారు. మొదటిది కొని రెండోది ఉందనుకోవడం వల్ల చాలామంది నిరాశపడతారు.

ఇంకో మెలిక. అద్దెదారు నిర్లక్ష్యం వల్ల మంటొస్తే, బీమా కంపెనీ మీకు డబ్బిచ్చి, మీ స్థానంలో నిలబడి ఆ డబ్బు వాళ్ల దగ్గర వసూలు చేయడానికి వెళ్లవచ్చు. వాళ్లకు సొంత బాధ్యత బీమా ఉండటం అందుకే వాళ్లకూ మంచిది. ఈ సంగతి చెప్పాకే మా అద్దెదారు పాలసీ తీసుకున్నాడు.

7. పాలసీలో "వర్తించనివి" పేజీ

ఏజెంట్ మొదటి పేజీ చూపిస్తాడు. మీరు మాత్రం మినహాయింపుల పేజీ నుంచి చదవడం మొదలుపెట్టండి. మామూలుగా కనిపించేవి ఇవి: అరుగుదల, తుప్పు, చెదలు, ఎలుకలు, నెమ్మదిగా కారే నీళ్లు, నాసిరకం పనితనం. అద్దెదారే కావాలని చేసిన నష్టం కొన్ని పాలసీల్లో అసలు ఉండదు, కొన్నిట్లో విడిగా కొనాలి. భూకంపం, వరద కూడా కొన్నిట్లో అదనంగా చేర్చుకోవాల్సినవే. తాళం పగలని దొంగతనం, పెద్ద మరమ్మతు పనులు జరుగుతున్నప్పుడు జరిగిన నష్టం దగ్గరా జాగ్రత్త. ప్రతి క్లెయిమ్‌లో మొదటి కొంత మొత్తం మీరే భరించాలి. దాన్ని పెంచితే ప్రీమియం తగ్గుతుంది, కానీ చిన్న క్లెయిమ్‌లన్నీ దాని కిందే పోతాయి.

వీటన్నిట్లోకీ మనకు తెలియకుండా కొంప ముంచేది ఖాళీ ఇంటి షరతు. ఇల్లు వరుసగా 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉంటే దొంగతనం, నీళ్ల లీకేజ్, విధ్వంసం లాంటివాటికి రక్షణ ఆగిపోతుందని చాలా పాలసీల్లో ఉంటుంది. పాతవాళ్లు వెళ్లారు, రంగులు వేయించడానికి మూడు వారాలు, కొత్తవాళ్లు దొరకడానికి ఇంకో నెల. ఆ గడువు ఎప్పుడు దాటిందో కూడా గమనించం. ఖాళీ అయిన రోజే కంపెనీకి చెప్పి, నీళ్ల మెయిన్ ఆపి, వారానికోసారి వెళ్లి చూసి, వెళ్లిన ప్రతిసారీ తేదీ పడేలా ఒక ఫొటో తీసుకోండి.

8. ప్రమాదం జరిగితే

మనుషుల్ని బయటికి తేవడం, కరెంటు, గ్యాస్, నీళ్లు ఆపడం, ఫైర్ స్టేషన్‌కో పోలీసులకో ఫోన్. ఆ తర్వాతే మిగతావి.

నష్టం పెరగకుండా చూడటం మీ బాధ్యత, పాలసీ కూడా అదే అడుగుతుంది. పగిలిన కిటికీకి ప్లాస్టిక్ షీటు కట్టించండి, నీళ్లు తోడించండి. శాశ్వత రిపేరు మాత్రం సర్వేయర్ చూసేదాకా మొదలుపెట్టవద్దు. ఏదైనా ముట్టుకునే ముందు ఫొటోలు తీయండి. పగిలిన పైపు ముక్క, కాలిన స్విచ్‌బోర్డు చెత్తలో వేయవద్దు, సంచిలో వేసి ఉంచండి. కారణం ఏమిటో తేల్చేది అవే. అదే రోజు కంపెనీకి చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఎవరితో మాట్లాడారో, ఎన్నింటికి మాట్లాడారో రాసుకోండి.

ఎవరైనా గాయపడితే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పలకరించండి, సాయం చేయండి. కానీ "తప్పు నాదే, ఖర్చంతా నేనిస్తాను" అని మాట ఇవ్వకండి. తమ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవద్దని బాధ్యత పాలసీల్లో షరతు ఉంటుంది. మనసుకి కష్టంగానే ఉంటుంది.

సర్వేయర్ వచ్చినప్పుడు ఫోల్డర్ చేతికివ్వండి: అప్పగింత ఫొటోలు, ఎలక్ట్రీషియన్ రిపోర్టు, ప్లంబర్ బిల్లులు, అద్దెదారుతో మెసేజ్‌లు, అగ్రిమెంట్, రెండు మూడు రిపేరు అంచనాలు. క్లెయిమ్ కాదంటే పాలసీలో ఏ షరతు కింద కాదంటున్నారో రాతలో అడగండి. ఆ వాక్యం చదివితే వాదించదగ్గదో కాదో తెలుస్తుంది. కంపెనీలోనే పైవాళ్లకు ఫిర్యాదు, అక్కడా కాకపోతే మీ దగ్గరున్న బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి) లాంటి వ్యవస్థ, ఆఖరుకి కోర్టు.

ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే ఆ రోజుల అద్దె ఏం చేయాలి, వాళ్లు ఎక్కడుంటారు అన్నది అదే వారంలో కూర్చుని మాట్లాడుకోండి. కొన్ని పాలసీలు అద్దెదారు తాత్కాలిక వసతికీ ఇస్తాయి.

9. వాళ్లు ఖాళీ చేసేటప్పుడు

అప్పగింత రోజు కాగితం తీసుకుని అదే వరుసలో గది గది తిరగండి. మేకు కన్నాలు, వెలిసిన రంగు, నడిచిన చోట మాసిన నేల, ఇవన్నీ మామూలు వాడకం. వాటికి డిపాజిట్‌లో కోత పెట్టడం సరికాదు. పగిలిన వాష్ బేసిన్, కాలిన వంటగట్టు నష్టం. కోత పెట్టేటప్పుడు కూడా వస్తువు వయసు చూడాలి. ఎనిమిదేళ్లు వాడిన గీజర్‌కి కొత్తదాని ధర పట్టుకోవడం న్యాయం కాదు. ఏ కోత ఎందుకో రాసి, బిల్లు జతచేసి, మిగతాది మీ దగ్గరి చట్టం చెప్పిన గడువులోపు ఇచ్చేయండి. మీటరు రీడింగ్‌లు రాసుకుని, తాళంచెవులు లెక్కపెట్టుకుని, ఇల్లు ఖాళీ అయిందని అదే సాయంత్రం బీమా కంపెనీకి మెయిల్ పెట్టండి.